‘దేవదాసు’ నవల పార్వతిది, సినిమాలు దేవదాసువి

బిడ్డా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెమినార్ కోసం బెంగాలీ రచయిత శరత్‌బాబు (శరత్‌చంద్ర చటర్జీ) ‘దేవదాసు’ నవల చదివానన్నావు. చిన్నప్పటి నుంచి టీవీలో అక్కినేని సినిమా చూసి ఏడ్చినదానివి, పుస్తకం చదువుతుంటే ఏడుపుకు బదులు కోపం వచ్చిందన్నావు. ‘సినిమాలో ఉన్న దేవదాసు నవలలో లేడు, ఎవరో పిరికివాడు ఉన్నాడు. నేను తప్పుగా చదివానా? ఏ సినిమా నవలకు దగ్గర? మన సాహిత్యంలో దేనితో పోల్చాలి?’ అని అడిగావు.

నువ్వు తప్పుగా చదవలేదు. నేను హన్మకొండలో ముప్ఫై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైర్ అయ్యాను. మొదటిసారి ఈ నవలను ఇక్కడి రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం నుంచే తెచ్చుకుని చదివాను. 1904లో పెట్టిన గ్రంథాలయం అది. అప్పుడు నాకూ నీకొచ్చిన కోపమే వచ్చింది. ఆ కోపం రచయిత మీదికి పోయింది. అది రావాలనే ఆయన అట్లా రాశాడని రెండు మూడుసార్లు చదివాక గానీ అర్థం కాలేదు.

నా అభిప్రాయం ముందే చెప్తాను, ఆ తర్వాత ఎందుకో వివరిస్తాను. పుస్తకానికి దేవదాసు పేరు పెట్టినా నవల అతని పక్కింటి చిన్ననాటి నేస్తం పార్వతిది. సినిమాలు దేవదాసువి. నవలలో ధైర్యం చేసి ఎవరైనా ఒక పని చేశారంటే అది పార్వతో, కలకత్తాలో అతన్ని ప్రేమించిన వేశ్య చంద్రముఖో. దేవదాసు చేసే పని వెళ్లిపోవడం. ఊరు వదిలి కలకత్తాకు, కలకత్తా నుంచి మళ్లీ ఊరికి, చివరికి అలహాబాదు, లాహోరు, బొంబాయి. నిలబడాల్సిన చోట మాత్రం ఒక్కసారీ నిలబడడు.

ముందు వయసులు చూడు. నవల మొదలయ్యేటప్పుడు వాళ్లు తాల్‌సోనాపూర్ అనే ఊళ్లో బడికి పోయే పిల్లలు. వైశాఖమాసం ఎండ, మధ్యాహ్నం బడి. దేవదాసు తనకంటే పెద్దపిల్లవాణ్ని సున్నం కుప్పలోకి తోసేసి పారిపోతాడు. పార్వతి అది చూసి నవ్వు ఆపుకోలేకపోతుంది. తర్వాత కొంగులో మురమురాలు మూటగట్టుకుని, వాడు దాక్కున్న తోటలోకి పోతుంది. వాడు కొడతాడు, ఆమె ఏడుస్తుంది, మళ్లీ వాడి దగ్గరికే పోతుంది. పెళ్లి మాట వచ్చేసరికి ఆమెకు పదమూడేళ్లు, అతనికి పందొమ్మిదో ఇరవయ్యో. తెర మీద మనం చూసేది ఎదిగిన మనుషులను. కాబట్టి దేవదాసు వెనకడుగు అక్కడ విషాదంగా కనిపిస్తుంది. పుస్తకంలో అది తండ్రికి భయపడే కుర్రవాడి పని. ఈ తేడా పట్టుకోకుండా పోలిక మొదలుపెట్టకు.

‘పెళ్లి ఎందుకు ఆగింది?’ అని క్లాసులో ప్రతి ఏడాదీ అడిగేదాన్ని. ప్రతి ఏడాదీ ఒకటే జవాబు. ‘పార్వతి వాళ్లు పేదవాళ్లు మేడం, కట్నం ఇయ్యలేరు.’ నవలలో సంగతి తలకిందులు. పార్వతి వాళ్లు ఆడపిల్లనిచ్చేటప్పుడు అబ్బాయి తరఫు నుంచి డబ్బు తీసుకునే ఇంటివాళ్లు. జమీందారైన నారాయణ ముఖర్జీ ఇంట్లోవాళ్లకు అదే చిన్నతనం. అమ్మకాలూ కొనుగోళ్లూ చేసే ఇంటి పిల్లను, అందులోనూ పక్కింటి పిల్లను తెచ్చుకోవడమా అని కాదన్నారు. మన దగ్గర దీనికి అచ్చమైన మాట ఉంది, ఓలి. మా నాయనమ్మకు ఓలి ఇచ్చే చేసుకున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గించేది. ఆ సిగ్గు ఎట్లాంటిదో నేను చిన్నప్పుడే ఇంట్లో చూశాను కాబట్టి, రెండిళ్ల మధ్య శరత్ కట్టిన గోడ ఏమిటో నాకు తొందరగా తెలిసింది. డబ్బున్న ఇల్లు, డబ్బు లేని ఇల్లు అనే లెక్కతో ఆ గోడ అర్థం కాదు. సినిమాలు దాన్ని అంతస్తు తేడాగా మార్చేశాయి. చూసేవాళ్లకు సులువుగా అర్థమవుతుంది, నిజమే. కానీ పార్వతి తండ్రి నీలకంఠ చక్రవర్తి కోపం ఎంత లోతైనదో మనకు తెలియకుండా పోతుంది. ఆ అవమానానికి జవాబుగా ఆయన ముఖర్జీల కంటే పెద్ద జమీందారును వెతికి తెచ్చాడు. హాతీపోత గ్రామం, భువన్ చౌధురి, వయసు నలభైకి అటూ ఇటూ, మొదటి భార్య పోయింది, ఎదిగిన పిల్లలున్నారు. తండ్రి పంతం నెగ్గింది. దానికి వెల చెల్లించింది పదమూడేళ్ల కూతురు.

ఇప్పుడు నవలకు గుండెకాయ లాంటి సన్నివేశం. రాత్రి పార్వతి ఒక్కతే దేవదాసు గదికి వెళ్లడం. అంతకుముందు స్నేహితురాలు మనోరమ, నువ్వే పోయి అడుగుతావా, సిగ్గనిపించదా అంటే, సిగ్గెందుకు అంటుంది. ఆ మాటను అచ్చంగా పాటిస్తుంది కూడా. గదిలో దేవదాసు ఉలిక్కిపడి లేస్తాడు. అతని మొదటి ఆలోచన ఎవరైనా చూశారా అని. రేపు నీ తల కొట్టేసినట్టు ఉండదా అంటాడు. దానికి పార్వతి జవాబు చూడు. నా సిగ్గంతా నువ్వు కప్పుతావని నాకు గట్టిగా తెలియకపోతే అట్లాగే ఉండేది అంటుంది. ఆ తర్వాత నది మాట ఎత్తుతుంది. నదిలో అన్ని నీళ్లున్నాయి కదా, అన్ని నీళ్లతో కూడా నా మచ్చ కప్పబడదా అని. ఒక పిల్ల తన పరువును, ప్రాణాన్ని తీసుకొచ్చి అతని చేతిలో పెట్టి అడిగిన మాట ఇది. అతను ఆలోచించుకోవాలంటాడు. తండ్రిని అడుగుతాడు, తండ్రి కసురుతాడు, ఇతను పెట్టె సర్దుకుని కలకత్తా పోతాడు. పోయి ఉత్తరం రాస్తాడు, నిన్ను అంతగా ప్రేమించానని నాకెప్పుడూ అనిపించలేదని. ఉత్తరం పోస్టులో పడ్డాక గానీ పశ్చాత్తాపం మొదలుకాదు.

తిరిగి వచ్చి ఇప్పుడు నేను సిద్ధం అంటే ఆమె ఏమంటుందో గుర్తుందా? నీకు తల్లిదండ్రులు ఉన్నట్టే నాకూ ఉన్నారు, వాళ్ల ఇష్టం అడగక్కర్లేదా అంటుంది. అతను అన్న మాటే అతనికి తిరిగి ఇచ్చింది. తట్టుకోలేక, చంద్రుడికి కూడా మచ్చ ఉందని మాట్లాడి, చేతిలోని గాలపు కర్రతో రక్తం కారేటట్టు నుదుటి మీద కొడతాడు. నీకు కోపం వచ్చింది ఇక్కడే అనుకుంటాను. రావాలి. శరత్ కూడా అతన్ని ఇక్కడ వెనకేసుకు రాలేదు.

శరత్ ఈ నవలను ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ల వయసులో రాశాడు. అచ్చులో వచ్చింది మాత్రం 1917లో. మధ్యలో ఇంచుమించు పదహారేళ్లు అది చేతిరాతలోనే ఉంది. మిత్రులు వేద్దామంటే ఆయన ఇష్టపడలేదు. కుర్రతనంలో రాసిందని సంకోచం. ఆ కుర్రతనం వల్లే పుస్తకంలో ఒక వేడి ఉంది. పెద్దయ్యాక రాసి ఉంటే దేవదాసును ఇంకొంచెం సర్ది, మనకు నచ్చేటట్టు చేసేవాడేమో.

ఇక సినిమాలు. మూగసినిమా 1928లో నరేశ్ మిత్రాది. 1935లో పి.సి. బారువా బెంగాలీలో తీశాడు, తానే దేవదాసు వేశాడు. మరుసటేడు హిందీలో గాయకుడు సైగల్ ఆ వేషం వేశాడు. ఇక్కడే అసలు మార్పు జరిగింది. దేవదాసుకు గొంతు వచ్చింది. నవలలో దేవదాసు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తన బాధను అందంగా చెప్పుకోవడం అతనికి చేతకాదు. సైగల్ పాడటం మొదలుపెట్టగానే ఆ చేతకానితనం గొప్ప దుఃఖంగా మారిపోయింది. తర్వాత వచ్చిన దేవదాసులంతా ఆ గొంతుకు వారసులే.

మన తెలుగు సినిమా 1953లో వచ్చింది. వినోదా వారిది, డి.ఎల్. నారాయణ నిర్మాత, వేదాంతం రాఘవయ్య దర్శకుడు. తెలుగులో, తమిళంలో రెంటిలోనూ తీశారు. ఊరు రావులపల్లి అయింది, హాతీపోత దుర్గాపురం అయింది, దేవదాసు స్నేహితుడు చునీలాల్ భగవాన్ అయ్యాడు. పేర్లు మార్చినంత మాత్రాన కథ మనదైపోదు. మనదిగా చేసినవి పాటలు. సముద్రాల రాఘవాచార్యులు రాశాడు, సి.ఆర్. సుబ్బరామన్ బాణీలు కట్టాడు, ఘంటసాల పాడాడు. సుబ్బరామన్ సినిమా విడుదల చూడకుండానే 1952లో పోయాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడా లేవు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ‘జగమే మాయ’ వింటే నాకు సుబ్బరామనే గుర్తొస్తాడు.

ఈ పాట దగ్గర కొంచెంసేపు ఆగుదాం, నీ ప్రశ్నకు సగం జవాబు ఇందులో ఉంది. మన ఊళ్లలో బైరాగి తత్వాలు పాడేవాళ్లుండేవాళ్లు. తంబుర మీటుకుంటూ, బతుకు అబద్ధం, సంసారం మాయ అని పాడుతుంటే పొలం పని చేసి వచ్చినవాళ్లు కూడా అరుగుల మీద కూర్చుని వినేవాళ్లు. ఆ పాడేవాడు ఎందుకు ఇల్లు వదిలాడు, పెళ్లాం పిల్లల్ని ఏం చేశాడని ఎవ్వరూ అడగరు. తత్వం పాడేవాడికి మన దగ్గర ఒక గౌరవం ఉంది. ఈ పాట తాగుబోతు దేవదాసును ఆ బైరాగి పక్కన కూర్చోబెట్టింది. శాలువా, మాసిన గడ్డం, పక్కన కుక్క, నోట వేదాంతం. బెంగాలీ జమీందారు కొడుకు ఒక్క పాటతో తెలుగు విరాగి అయిపోయాడు. ‘కుడి ఎడమైతే’ పాట అయితే ఓడిపోలేదని చెప్తుంది. నవలలో అతను ఓడిపోయాడు, ఓడిపోయినట్టు అతనికి తెలుసు, రచయితకూ తెలుసు. పాట మాత్రం అతన్ని గెలిపించింది. నువ్వు సినిమా చూసి ఏడ్చి, పుస్తకం చదివి కోప్పడటానికి కారణం నా దృష్టిలో ఇదే. సినిమాలో నీకు దొరికింది తత్వం పాడే మనిషి. పుస్తకంలో దొరికింది ఆ పాట లేని మనిషి.

అట్లాగని ఆ సినిమాను తక్కువ చేయడం లేదు. నాకు అన్ని దేవదాసుల్లోకి అదే ఇష్టం. అక్కినేని ఆ మత్తు కళ్ల కోసం రాత్రిపూట పెరుగన్నం తిని, నిద్ర ముంచుకొస్తుంటే నటించానని చెప్పేవాడు. సినిమా మొత్తం అతను అరవడు. సావిత్రి పార్వతి ఇంకా గొప్పది. పెద్దింటి కోడలయ్యాక ఆమె నడక మారుతుంది, మాట మారుతుంది, చూపు మాత్రం మారదు. జమీందారు భర్తగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు ఎదుట ఆమె నిలబడే తీరులో నవలలోని పార్వతి కొంత దొరుకుతుంది. నవలలో పార్వతి ఆ ఇంట్లో ఏం చేసిందో మర్చిపోకు. అలిగి ఇంటికి రాని సవతి కూతురు యశోదకు తన ఒంటిమీది నగలన్నీ ఇచ్చేస్తుంది. సవతి కొడుకు మహేంద్ర ఆమెను కన్నతల్లి లెక్క చూసుకుంటాడు. ఇంటి పెత్తనం, దానధర్మాలు అన్నీ ఆమె చేతిమీదుగా నడుస్తాయి. లోపల పుండు పెట్టుకుని ఒక ఊరిని నడిపింది ఆమె. దేవదాసు అదే పుండుతో సీసా పట్టుకున్నాడు.

నవలకు దగ్గరగా ఉన్న సినిమా ఏదంటే, నేను 1955 నాటి బిమల్ రాయ్ హిందీ సినిమా పేరు చెప్తాను. ఆయన బారువా దగ్గర కెమెరా పని చేసినవాడు. తన సినిమాను బారువాకూ సైగల్‌కూ అంకితం ఇచ్చాడు. మాటలు రాసింది రాజేందర్ సింగ్ బేడీ, స్వయంగా పెద్ద కథకుడు. దిలీప్‌కుమార్ గొంతు పెంచకుండా మాట్లాడతాడు, చాలాసార్లు అసలు మాట్లాడడు. సుచిత్రా సేన్ పార్వతిలో ఆ పొగరు ఉంది. నవలలో పార్వతి, చంద్రముఖి ఒక్కసారి కూడా కలుసుకోరు. బిమల్ రాయ్ ఒక్క క్షణం దారిలో ఎదురుపడనిచ్చాడు. ఒకరు పల్లకిలో, ఒకరు నడిచి. ఒక్క మాట లేదు. ఆ సన్నివేశం పుస్తకంలో లేకపోయినా శరత్ ఒప్పుకునేవాడనిపిస్తుంది. చంద్రముఖి వేసిన వైజయంతిమాలకు సహాయనటిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు ఇస్తే ఆమె తీసుకోలేదు. తన పాత్ర పార్వతికి ఏమాత్రం తక్కువ కాదు, దాన్ని సహాయపాత్ర అనడం సరికాదు అన్నది. నవల చదివినవాళ్లు ఎవరైనా ఆమె పక్షమే.

భన్సాలీ 2002 సినిమాలో ఆ ఇద్దరూ దుర్గాపూజలో కలిసి నాట్యం చేస్తారు. దేవదాసు లండన్ నుంచి వస్తాడు. రంగులు, అద్దాలు, దీపాలు కళ్లు చెదిరేటట్టుంటాయి. నాకు ఆ ఇంట్లో మురమురాలు తినే పిల్లలు పెరిగారంటే నమ్మబుద్ధి కాలేదు. పార్వతి తల్లికి జరిగిన అవమానాన్ని అంత బలంగా చూపించినందుకు మాత్రం భన్సాలీని మెచ్చుకోవాలి. 2009లో అనురాగ్ కశ్యప్ ‘దేవ్ డి’లో కథను ఈ కాలానికి తెచ్చి చివర దేవదాసును బతికించాడు. సెమినార్‌లో దాన్ని ఒక్క వాక్యంతో ప్రస్తావిస్తే చాలు. 1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ వేసిన తెలుగు ‘దేవదాసు’ కూడా ఉంది. జనం మనసులో అప్పటికే ఒక దేవదాసు కూర్చున్నాడు, రెండోవాడికి చోటు దొరకలేదు.

మన సాహిత్యంలో దేనితో పోల్చాలన్నావు. నేనైతే ‘కన్యాశుల్కం’తో మొదలుపెడతాను. నువ్వు అనుకోని పేరే అయ్యుంటుంది. కానీ చూడు. గురజాడ నాటకం మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో, పెంచి తిరగరాసింది 1909లో. శరత్ ‘దేవదాసు’ రాసింది ఆ మధ్యకాలంలోనే. ఒకే సముద్రం ఒడ్డున ఇద్దరు రచయితలు ఇంచుమించు ఒకే రోజుల్లో, ఆడపిల్లకు వెల కట్టే ఆచారం గురించి రాశారు. ఒకాయన నవ్వించి రాశాడు, ఇంకొకాయన ఏడిపించి రాశాడు. పార్వతికి కుదిరిన రెండోపెళ్లివాడి సంబంధం, నాటకంలో చిన్నపిల్లను డబ్బిచ్చి చేసుకోబోయిన ముసలి లుబ్ధావధాన్లు సంబంధానికి డబ్బున్న రూపం.

ఇంకా గట్టి పోలిక ‘కన్యాశుల్కం’లోని వేశ్య మధురవాణి, చంద్రముఖి. దేవదాసు మొదటిసారి చంద్రముఖి ఇంటికి పోయి అసహ్యించుకుంటాడు, డబ్బు పడేసి వస్తాడు. ఆ అసహ్యమే ఆమెను కదిలిస్తుంది. తనను చూసి పళ్లికిలించే మగవాళ్లే తెలిసిన మనిషికి, ముఖం తిప్పుకున్నవాడు కొత్తగా కనిపిస్తాడు. మధురవాణి కథలో సౌజన్యారావు పంతులు కూడా బోగంవాళ్లను చూడనని నియమం పెట్టుకున్నవాడే. చివర ఆమె తెలివికీ మంచితనానికీ ఆయన తలొంచుతాడు, భగవద్గీత చేతికిస్తాడు. మధురవాణి నవ్వుతూ మగవాళ్లందర్నీ ఆటాడించి ఒడ్డెక్కింది. చంద్రముఖి వృత్తి వదిలేసి, నగలు అమ్మేసి, అశథ్‌ఝురి అనే పల్లెలో నది ఒడ్డున మట్టి ఇంట్లో ఉంటుంది. దేవదాసును వెతుక్కుంటూ అలవాటు లేని కాళ్లతో తాల్‌సోనాపూర్ దాకా నడుస్తుంది. మళ్లీ కలకత్తా పోయి రోడ్డు పక్కన పడి ఉన్నవాణ్ని ఇంటికి తెచ్చి బతికిస్తుంది. తనను వెంట తీసుకుపొమ్మంటే అతను తీసుకుపోడు. నవల అక్కడితో ఆమెను వదిలేస్తుంది. అతను పోయిన వార్త ఆమెకు చేరిందో లేదో శరత్ చెప్పడు. సినిమాల్లో సావిత్రి 1953లో పార్వతి వేసింది, 1955లో ‘కన్యాశుల్కం’ సినిమాలో మధురవాణి వేసింది. రెండేళ్ల తేడాతో ఒకే ముఖం ఈ రెండు కథల్లోనూ ఉంది. నీ సెమినార్‌కు ఇది మంచి దారి. రెండు సినిమాలూ వరసగా చూడు.

మన ప్రాంతం నుంచి కూడా ఒక పుస్తకం తీసుకో. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’. ఆయన పుట్టింది చిన్నగూడూరులో, పాత వరంగల్ జిల్లాయే. ఈ నవల కూడా 1977లో సినిమాగా వచ్చింది. ఇందులో దొర ఉన్నాడు, అతని కోటలాంటి ఇల్లు గడి ఉంది, ఆడబాపలు ఉన్నారు. దొరసాని పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు అరణంగా, అంటే పుట్టింటి కానుకగా, వెంట పంపిన ఆడపిల్లలు వాళ్లు. పెళ్లి లేదు, ఇల్లు లేదు. శరత్ జమీందారు ఇంటి లోపలి నుంచి కథ చెప్పాడు, అక్కడ దాసదాసీలు తలుపు పక్కన నిలబడి ఉంటారు. రంగాచార్య ఆ నిలబడ్డవాళ్ల వైపు నుంచి చూశాడు. పార్వతి దుఃఖం నిజమే, కానీ ఆమె ఇచ్చేయడానికి నగలున్నాయి. ఆడబాప ఏం ఇవ్వగలదు? ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ‘దేవదాసు’లో కనపడని మనుషులు నీకు కనపడతారు.

విశ్వనాథ ‘ఏకవీర’ను కూడా తీసుకోవచ్చు. మనసిచ్చిన మనిషి వేరు, మనువాడిన మనిషి వేరు అన్న బాధ అందులో ఇద్దరు స్నేహితులకూ, వాళ్ల భార్యలకూ ఉంది. 1969లో సినిమాగా తీసినప్పుడు మాటలు రాసింది మన పాత కరీంనగర్ జిల్లా హనుమాజీపేట సి. నారాయణరెడ్డి. మధుర నాయక రాజుల కాలం నాటి కథ కాబట్టి సామాజిక పోలిక పెద్దగా దొరకదు. సమయం ఉంటేనే దాని జోలికి పో.

సెమినార్‌లో ఏది ముందు చెప్పాలన్న టెన్షన్ పెట్టుకోకు. రాత్రి గదిలో పార్వతి అన్న మాటతో మొదలుపెట్టు. అదే సన్నివేశం అక్కినేని సినిమాలో, బిమల్ రాయ్ సినిమాలో చూసి, ఎవరి ముఖం మీద కెమెరా ఎక్కువసేపు ఉందో రాసుకో. తెలుగు నవల చక్రపాణి అనువాదమైతే మంచిది. ఆయన క్షయ జబ్బుతో మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకున్నాడు. ఆయన అనువాదాలు చదివి శరత్ తెలుగువాడే అనుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

ఇక చివరి ఘట్టం. చనిపోయేలోపు ఒక్కసారి నీ ఇంటికి వస్తానని పార్వతికి ఇచ్చిన మాట కోసం, దేవదాసు పాండువా స్టేషన్‌లో రైలు దిగుతాడు. హాతీపోత పదహారు కోసులు, దారి బాగుండదు, రెండు రోజులు పడుతుందంటాడు బండివాడు. అప్పటిదాకా బతుకుతానా అని దేవదాసు లెక్క వేసుకుంటాడు. కాజీపేటలో రైలు దిగి, జ్వరంతో ఎడ్లబండి మీద ములుగు దాకా పోతున్నట్టు ఊహించుకోండని క్లాసులో చెప్పేదాన్ని. మా చిన్నప్పుడు అటువైపు చుట్టాల ఊరికి బండి మీద పోయినవాళ్లం కాబట్టి ఆ కుదుపు నా ఒంటికి తెలుసు.

బారువా, బిమల్ రాయ్, భన్సాలీ, అందరి సినిమాల్లోనూ చివర గేటు మూసుకుంటుంది. పార్వతి పరుగెత్తుతూ వస్తుంటే ఆమెకూ అతనికీ మధ్య పెద్ద తలుపు. గడి తలుపులు చూసి పెరిగిన మనకు అది ఇంకా గట్టిగా తగులుతుంది. నవలలో గేటు కాదు ఆపింది. అతను రాత్రి వచ్చి రావిచెట్టు కింద పడి ఉన్నాడు, తెల్లవారి పోయాడు. ఎవరో ఏ కులమో తెలియదని ఊళ్లో ఎవరూ ముట్టలేదు. శవాన్ని తీసుకుపోయి సరిగ్గా కాల్చకుండానే వదిలేశారు. జేబులోని ఉత్తరాలను బట్టి పేరు తెలిశాక గానీ పార్వతికి సంగతి తెలియదు. ఆమె దిగి పరుగెత్తబోతే భర్త ఎక్కడికి అంటాడు. దేవదా దగ్గరికి అంటుంది. అతను ఇంకెక్కడున్నాడు, డోములు (శవాలు కాల్చేవాళ్లు) తీసుకుపోయారు అంటాడు భర్త. ఆమె పరుగు ఆగదు. అక్కడ పరుగెత్తి చేరడానికి ఎవరూ లేరు. సినిమాలు ఇంత దాకా రాలేకపోయాయి. చూసేవాళ్లకు కనీసం చెట్టు కింద అతను, తలుపు వెనక ఆమె ఒకే చోట ఉన్నారన్న ఊరట ఇచ్చాయి.

మా అమ్మకు చదువు రాదు. అక్కినేని సినిమా వరంగల్‌లో ఎన్నిసార్లు ఆడితే అన్నిసార్లు చూసింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఎండాకాలం, మధ్యాహ్నాలు ఈ నవల ఆమెకు చదివి వినిపించాను. చివరి పేజీ అయిపోయాక చాలాసేపు ఊరుకుంది. తర్వాత అడిగింది. ‘డోములు కొంచవోయిండ్రని మొగడు చెప్తే ఆ పిల్ల ఏమన్నది?’

‘ఏమనలే అమ్మా, ఏడ్చుకుంట ఉరికింది’ అన్నాను.

‘ఆ ముచ్చట మళ్లొకసారి చదువు’ అన్నది. మళ్లీ చదివాను.